నిషేధం ముందొచ్చింది, పంపు తర్వాతొచ్చింది

వంద మిల్లీలీటర్ల నీటికి 1,000. వంద మిల్లీలీటర్ల నీటికి 14. అమెరికాలో సరదా పడవల మురుగు మీద యాభై ఏళ్ళుగా నడుస్తున్న తగాదా అంతా ఈ రెండంకెల మధ్యే తిరుగుతోంది. ఇవి మలం వల్ల నీళ్ళలో చేరే కోలిఫామ్ బాక్టీరియా లెక్కలు. చిన్న పడవలో బిగించిన శుద్ధి యంత్రం ఆ లెక్కను 1,000కి మించనీయకపోతే చాలు, టాయిలెట్ నీటిని ఉన్నచోటే వదిలేయొచ్చని 1976లో ఒక ప్రభుత్వ ప్రమాణం ఖరారైంది. అదే దేశంలో ఆల్చిప్పలు పెంచి జనానికి తినడానికి అమ్మాలంటే, అవి పెరిగే నీటిలో ఆ లెక్క సగటున 14 దాటకూడదు. రెండూ ప్రభుత్వం పెట్టిన హద్దులే. ఒకే తీరంలో, కొన్నిచోట్ల ఒకే చిన్న అఖాతంలో, రెండూ పక్కపక్కన చాలా ఏళ్ళు చెల్లుబాటయ్యాయి.

విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్ చదువుకుని, పెళ్ళయ్యాక సియాటిల్ వచ్చినదాన్ని నేను. మా ఆయనది రాజమండ్రి. నీళ్ళ మీద గడిపితే తప్ప ఆయనకు సెలవు సెలవులా ఉండదు. అందుకే ముప్పై అడుగుల పాత సెయిల్‌బోటు ఒకటి కొన్నాం, 1970ల చివర్లో తయారైనది. తెరచాపలూ తాళ్ళూ ఆయన చూసుకుంటారు. పైపులూ వాల్వులూ ట్యాంకులూ నా వాటాకు వచ్చాయి. ముందు గదిలో మంచం కింద పలక ఎత్తి చూస్తే, అమెరికా పడవల మురుగు చట్టం వరసగా అక్కడే కనిపిస్తుంది. పడవ అడుగున మురుగు నేరుగా నీళ్ళలోకి పోయే రంధ్రం, దాని మీద కంచు వాల్వు. దాని పక్కన, ఆ తర్వాతి యజమాని ఎవరో బిగించిన లెక్ట్రాశాన్ అనే శుద్ధి పెట్టె. దాని వెనక సందులో ఇరికించిన ప్లాస్టిక్ ట్యాంకు. వీటిని కలుపుతూ వై ఆకారంలో ఒక వాల్వు. దాని పిడి తీసేసి, తెగ్గొడితే తప్ప ఊడని ప్లాస్టిక్ పట్టీతో బిగించేశారు. ఆ పట్టీ ఎందుకుందో తెలుసుకుందామని మొదలుపెట్టి చట్టాలు, కోర్టు తీర్పులు, పాత ప్రమాణాలు చదువుకుంటూ పోయాను. చదివాక నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఈ నీళ్ళు బాగుపడ్డది చట్టం రాసినప్పుడు కాదు, రేవులో పంపు పెట్టినప్పుడు.

తెరచాప ఓడల కాలంలో నావికుల దొడ్డి ఓడ ముక్కు దగ్గర ఉండేది. ఆ ఓడలు గాలిని వెనక నుంచో పక్క నుంచో పట్టుకుని నడిచేవి కాబట్టి వాసన ముందుకే పోయేది. అలలు ఎగిరిపడి ఆ చోటును వాటంతట అవే కడిగేసేవి. సముద్రం పెద్దది, మనుషులు కొద్దిమంది. ఆ ఏర్పాటును తప్పుపట్టడానికి ఏమీ లేదు. చిక్కు వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. ఫైబర్‌గ్లాసుతో పడవలు అచ్చు పోసినట్టు తయారవడం మొదలయ్యాక, గుమాస్తాలూ మేస్త్రీలూ కూడా వారాంతానికి కుటుంబంతో పడవెక్కసాగారు. ప్రతి పడవలో ఒక చేతిపంపు టాయిలెట్. పిడి పైకీ కిందికీ ఆడిస్తే బయటి నీళ్ళు లోపలికి వచ్చి, లోపలిదాన్ని బయటికి తోసేస్తాయి. అయితే ఆ పడవలు నడిసముద్రంలో ఉండేవి కావు. గాలి తగలని చిన్నచిన్న మూలల్లో, నీళ్ళు కదలనిచోట, ఒకదాని పక్కన ఒకటి లంగరు వేసుకుని రాత్రంతా ఉండేవి. ఈదడానికి పిల్లలు దిగేదీ అక్కడే. ఆల్చిప్పలు దొరికేదీ అక్కడే.

దీన్ని ఆపేందుకు అప్పటికి గట్టి చట్టమేదీ లేదు. 1899 నాటి నదులూ రేవుల చట్టం నీళ్ళలో చెత్త వేయడాన్ని నిషేధించింది. వీధుల నుంచీ మురుగు కాలవల నుంచీ ద్రవరూపంలో వచ్చే దానికి మాత్రం అందులో మినహాయింపు ఇచ్చారు. ఊళ్ళ మురుగంతా ఆ మినహాయింపులోంచే ఏళ్ళ తరబడి పారింది.

సియాటిల్ సంగతి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. మేముంటున్న ఊరు కావడం ఒక్కటే కారణం కాదు. పడవల తగాదాలో తర్వాత వినిపించిన వాదనలన్నీ ఈ ఊరి కథలో ముందే ఉన్నాయి. ఊరికి తూర్పున ఉన్న లేక్ వాషింగ్టన్ మంచినీటి సరస్సు. చుట్టుపక్కల పట్టణాలు శుద్ధి చేసిన మురుగును అందులోకే వదిలేవి. 1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డబ్ల్యూ. టి. ఎడ్మండ్‌సన్ బృందం ఆ నీళ్ళలో ఆసిలటోరియా రూబెసెన్స్ అనే నాచును గుర్తించింది. ఐరోపాలో చెడిపోయిన సరస్సుల్లో అంతకుముందు కనిపించిన నాచు అదే. రోగకారక క్రిములు చచ్చిపోయినా మురుగులోని భాస్వరం ఎక్కడికీ పోదని, నాచును మేపేది అదేనని ఆయన చెప్పాడు. జేమ్స్ ఎల్లిస్ అనే న్యాయవాది ముందుండి నడిపిన ప్రచారం ఫలించి, 1958లో జనం ఓటేసి మెట్రో అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. మురుగంతా గొట్టాల్లోకి మళ్ళించడం 1968కి పూర్తయింది. ఒకప్పుడు మీటరు లోతు కూడా కనిపించని సరస్సు కొన్నేళ్ళకే తేటపడింది. ఆ మురుగులో ఒక భాగం చేరింది వెస్ట్ పాయింట్ శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి ప్యూజెట్ సౌండ్ అనే ఉప్పునీటి పాయలోకి. 1966లో తెరిచిన ఆ కేంద్రంలో మొదట ప్రాథమిక శుద్ధి మాత్రమే జరిగేది. రెండో దశ శుద్ధి 1990ల మధ్యలో గానీ రాలేదు.

ఊరి మధ్యలో లేక్ యూనియన్ మీద తేలే ఇళ్ళు ఉన్నాయి. వాటి మురుగు కింది నీళ్ళలోకే పోయేది. 1960లలో నగరం ఆ ఇళ్ళన్నీ మురుగు కాలవకు కలవాలని పట్టుబట్టింది. ఆ వంకతో తమను అక్కడి నుంచి వెళ్ళగొడతారని ఇళ్ళవాళ్ళు భయపడ్డారు. పత్రికా రచయిత టెర్రీ పెట్టస్ నాయకత్వంలో వాళ్ళొక సంఘంగా నిలబడి, నీటిమీది ఇంటికి మురుగు గొట్టం కలపడం సాధ్యమేనని చేసి చూపించారు. తేలే ఇళ్ళు ఈనాటికీ ఉన్నాయి, మురుగు కాలవకు కలిసే ఉన్నాయి. ఉండనివ్వమని అడిగినవాళ్ళే గొట్టం వేసే బాధ్యత నెత్తిన వేసుకోవడం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం.

ఇళ్ళయితే కదలవు, గొట్టం వేయొచ్చు. పడవ కదులుతుంది. దాని విషయంలో గట్టిగా కదిలిన రాష్ట్రాల్లో మిషిగన్ ఒకటి. 1970లో అది చేసిన చట్టం ప్రకారం, టాయిలెట్ ఉన్న ప్రతి పడవా మురుగును నిలవ పెట్టుకోవాలి, లేదా కాల్చి బూడిద చేయాలి. గ్రేట్ లేక్స్ మీద సరుకు ఓడలు నడిపే యజమానుల సంఘం కోర్టుకెక్కింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. లేక్ క్యారియర్స్ అసోసియేషన్ వర్సెస్ మెక్‌మలన్ పేరుతో 1972 మేలో తీర్పు వచ్చింది. రాష్ట్ర చట్టంలో తేలని అంశాలను ముందు రాష్ట్ర కోర్టులే తేల్చాలని చెప్పి, సుప్రీంకోర్టు అసలు వివాదంలోకి దిగలేదు. నాకు ముఖ్యంగా తోచింది ఆ తీర్పులో నమోదైన ఒక చిన్న సంగతి. ఒడ్డు మీద మురుగు తోడే ఏర్పాట్లు సరిపడా వచ్చేదాకా ఎవరి మీదా కేసు పెట్టబోమని రాష్ట్ర అధికారులు చెప్పారు. చట్టం ఉంది, ట్యాంకు పెట్టుకోమంది. ట్యాంకు నిండితే ఎక్కడ ఖాళీ చేయాలో చోటు లేదు. నిషేధం ముందు, పంపు తర్వాత. ఈ తిరగేసిన వరసే తర్వాతి ఇరవై ఏళ్ళ కథ.

అదే ఏడాది అక్టోబరులో జాతీయ స్థాయిలో క్లీన్ వాటర్ యాక్ట్ వచ్చింది. అందులో 312వ సెక్షన్ పడవల మురుగు గురించి. పడవల్లో పెట్టే పరికరాలకు కోస్ట్ గార్డు 1975 జనవరిలో నియమాలు రాసింది. 1980 జనవరి నాటికి, బిగించిన టాయిలెట్ ఉన్న ప్రతి పాత పడవలోనూ ఆమోదం పొందిన పరికరం ఒకటి ఉండాలన్నారు. ఆ పరికరాలు మూడు రకాలు. మొదటి రకం మురుగును నలిపి, క్రిముల్ని చంపి వదిలేది: పైన చెప్పిన 1,000 దాని హద్దే, ఘనపదార్థం తేలుతూ కంటికి కనబడకూడదు. దాన్ని 65 అడుగుల లోపు పడవల్లోనే పెట్టుకోవచ్చు. రెండో రకం ఇంకా శుభ్రంగా చేసేది. కోలిఫామ్ 200, నీటిలో తేలే ఘనపదార్థం లీటరుకు 150 మిల్లీగ్రాములు మించరాదు. మూడో రకం ఏదీ వదలదు, నిలవ పెట్టుకుంటుంది. అంటే ట్యాంకు. పడవలు బయటి నుంచి రావడానికీ బయటికి పోవడానికీ దారి లేని మంచినీటి సరస్సుల్లో, జలాశయాల్లో శుద్ధి చేసిందైనా వదలకూడదు. తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ళు దాటితే ఏం చేసినా చిన్న పడవను అడిగేవాడు లేడు. అంతర్జాతీయ ఒప్పందమైన మార్పోల్‌లో మురుగు మీద నాలుగో అనుబంధం ఉంది. కానీ అది 400 టన్నుల పైబడిన ఓడలకూ, పదిహేను మందికి మించి ఎక్కే ఓడలకూ వర్తించేది. అమెరికా దాని మీద సంతకం పెట్టలేదు కూడా.

మా పడవలోని లెక్ట్రాశాన్ మొదటి రకం పెట్టె. న్యూజెర్సీలోని మిల్‌విల్‌లో ఉన్న రారిటన్ ఇంజనీరింగ్ సంస్థ 1970లలో దీన్ని తెచ్చింది. కెమికల్ ఇంజనీరింగ్ చదివినదాన్ని గనక దాన్ని మొదటిసారి విప్పినప్పుడు చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. లోపల రెండు గదులు. మొదటి గదిలో మోటారు కింద తిరిగే బ్లేడు మురుగును మెత్తగా నలుపుతుంది. రెండో గదిలో లోహపు పలకల జత ఉంటుంది. సముద్రపు నీళ్ళు అందులో ఉండగా పలకలకు కరెంటిస్తే ఉప్పులోని క్లోరైడు విడిపోయి, నీళ్ళతో కలిసి హైపోక్లోరస్ ఆమ్లం అవుతుంది. మునిసిపాలిటీ వాళ్ళు బ్లీచింగ్ పౌడరుతో సాధించే పని అదే. బాక్టీరియాను చంపేశాక ఆ క్లోరిన్‌లో ఎక్కువ భాగం మళ్ళీ ఉప్పుగా మారిపోతుంది. కొనుక్కోవలసిన రసాయనం ఏదీ లేదు. కావలసిన మందు చుట్టూ ఉన్న సముద్రంలోనే ఉంది. రెండు మూడు నిమిషాల్లో ఒక విడత పూర్తవుతుంది. లేక్ యూనియన్ లాంటి మంచినీళ్ళలో పనిచేయాలంటే ఉప్పు కలిపి పోయాలి. తుప్పు పట్టిన ఆ పలకలు చేతిలో పట్టుకుని, ఇది కట్టినవాళ్ళకు రసాయనశాస్త్రం మీదా సముద్రం మీదా ఎంత ప్రేమ ఉందో అనుకున్నాను. ఆ గౌరవం నాకు ఇప్పటికీ ఉంది.

మరి ట్యాంకు పెట్టుకున్నవాళ్ళ పరిస్థితి? వాళ్ళ పడవల్లో వై వాల్వు ఉండేది. ఒకవైపు తిప్పితే మురుగు ట్యాంకులోకి, ఇంకోవైపు తిప్పితే సముద్రంలోకి. నిషేధం ఉన్నచోట ఆ వాల్వును కదలకుండా కట్టేయాలని నియమం: పిడి తీసేయాలి, లేదా తాళం వేయాలి, లేదా విప్పరాని పట్టీతో బిగించాలి. పట్టీ కట్టించిన నియమం ఇదే. జరిమానా రెండు వేల డాలర్ల దాకా పడొచ్చని అప్పటి చట్టంలో ఉంది. అయితే ట్యాంకు నిండి, ఇంట్లోవాళ్ళంతా పడవలో ఉండి, తోడే పంపు చుట్టుపక్కల ఎక్కడా లేకపోతే, ఆ పట్టీ ఎన్నాళ్ళు నిలుస్తుంది? రాత్రిపూట నీళ్ళ కింద ఏం జరిగిందో కోస్ట్ గార్డు చూడలేదు. పాత పడవల వాళ్ళతో మాట్లాడితే ఆ రోజుల సంగతి దాచకుండానే చెబుతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇంకో దారి లేని మనిషిని నియమం పాటించమంటే చీకటిపడేదాకా ఆగుతాడు, అంతే.

ఆ దారి 1992లో వచ్చింది. ఆ ఏడాది చేసిన క్లీన్ వెసెల్ యాక్ట్ కొత్తగా దేన్నీ నిషేధించలేదు. డబ్బిచ్చింది. రేవుల్లో మురుగు తోడే పంపులు పెట్టడానికి, పడవల దగ్గరికే వచ్చి తోడుకుపోయే పంపు పడవలు నడపడానికి అయ్యే ఖర్చులో నూటికి 75 వంతుల దాకా కేంద్రం భరిస్తుంది. ఆ సొమ్ము పడవలవాళ్ళు కట్టే పన్నుల నుంచే వస్తుంది: మోటారుబోట్ల ఇంధనం మీద, చేపలుపట్టే సామాను మీద వేసే సుంకాలు. ఈ నిధితో పెట్టిన పంపు దగ్గర మామూలుగా ఐదు డాలర్లకు మించి వసూలు చేయకూడదని నియమం పెట్టారు. మా రాష్ట్రంలో చాలాచోట్ల అసలు డబ్బే తీసుకోరు. పడవ మీది మూత అన్నిచోట్లా ఒకే కొలతలో, ఒకటిన్నర అంగుళాల గొట్టానికి సరిపడేలా ఉండాలని కూడా తేల్చారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. గొట్టం ముక్కు మూతకు పట్టకపోతే పంపు ఉన్నా లేనట్టే. కొలత కుదరని పాత పడవల వాళ్ళకు వాషింగ్టన్ సీ గ్రాంట్ అనే సంస్థ కార్యకర్తలు అడాప్టర్లు ఉచితంగా పంచారు. చట్టాల చరిత్రలు రాసేవాళ్ళు ఈ అడాప్టరును పట్టించుకోరు. నేనైతే దానికి ఒక అధ్యాయం ఇస్తాను.

తోడే పని ఎలా ఉంటుందో చెబుతాను. పడవను పంపు పక్కన కట్టి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. డెక్ మీద ‘వేస్ట్’ అని చెక్కిన మూతను చిన్న రెంచితో విప్పాలి. ఆ మూతను వెంటనే జేబులో వేసుకోవడం మంచిది, నీళ్ళలో పడితే మళ్ళీ దొరకదు. గొట్టం చివర కోసుగా ఉన్న రబ్బరు ముక్కును రంధ్రంలో గట్టిగా నొక్కిపట్టి, పంపు స్విచ్చి వేసి, అప్పుడు వాల్వు తెరవాలి. గొట్టం చేతిలో పాములా గుంజుకుంటుంది. ముక్కు దగ్గర అద్దం లాంటి చిన్న ముక్క ఉంటుంది. అందులో మొదట ముదురుగా, తర్వాత బుడగలు బుడగలుగా, చివరికి ఖాళీగా కనిపిస్తుంది. అక్కడితో ఆపేవాళ్ళే ఎక్కువ. నేను ట్యాంకులో మంచినీళ్ళు పోసి ఇంకోసారి లాగుతాను, అద్దంలో తేటనీళ్ళు కనబడేదాకా. ట్యాంకుకు గాలి పోయే సన్నగొట్టం మూసుకుపోతే పంపు లాగుడికి ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది, కాబట్టి ముందే దాన్ని చూసుకోవాలి. ఆ గాలి గొట్టం తెరిచి ఉండటమే వాసనకు కూడా అసలు మందు. గాలి అందే ట్యాంకులో వేరే రకం బాక్టీరియా పనిచేస్తుంది, కంపు పుట్టదు. పడవల వాసన మీద పుస్తకమే రాసిన పెగ్గీ హాల్ గారు ఈ సంగతి దశాబ్దాలుగా పడవలవాళ్ళకు చెబుతూ వచ్చారు. అయినా వాసన పోకపోతే గొట్టాలు చూడాలి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను గొట్టానికి చుట్టి, చల్లారాక వాసన చూస్తే, ఏ గొట్టం గోడల్లోంచి కంపు ఊరుతోందో తెలిసిపోతుంది. మార్చాల్సింది అదే.

పంపులు వచ్చాక 312వ సెక్షన్‌లో ఒక భాగానికి కొత్త ఊపు వచ్చింది. ఏదైనా రాష్ట్రం తన నీళ్ళలో మురుగును, అది శుద్ధి చేసిందైనా సరే, పూర్తిగా నిషేధించమని అడగొచ్చు. అయితే తోడే సౌకర్యాలు సరిపడా, అందుబాటులో ఉన్నాయని పర్యావరణ సంస్థ ఈపీఏ ఒప్పుకోవాలి. అంటే చట్టం రాసినవాళ్ళకు సరైన వరస 1972లోనే తెలుసు: ముందు పంపు చూపించు, తర్వాత నిషేధించు. దానికి డబ్బు కేటాయించడానికే ఇరవై ఏళ్ళు పట్టింది. 1998లో రోడ్ ఐలాండ్ తన సముద్ర జలాలన్నిటినీ నో డిశ్చార్జ్ జోన్‌గా, అంటే మురుగు వదలకూడని ప్రాంతంగా, చేసుకున్న మొదటి రాష్ట్రమైంది. తర్వాత కనెటికట్, మసాచుసెట్స్. ఫ్లోరిడా కీస్‌లో పగడపు దిబ్బలను కాపాడుకోవడానికి 2002లో అదే పని చేశారు.

అమలు ఎలా? కాలిఫోర్నియాలోని క్యాటలినా దీవిలో అవలాన్ అనే రేవు ఉంది. అక్కడికి ఏ పడవ వచ్చినా రేవు సిబ్బంది ఎక్కి, టాయిలెట్‌లో ఒక రంగు బిళ్ళ వేస్తారు. ఆ పడవ నుంచి చుక్క బయటికి వచ్చినా చుట్టూ నీళ్ళు మెరిసే పచ్చరంగుకు తిరుగుతాయి. రేవు నుంచి వెళ్ళగొడతారు. పడవల విషయంలో ఇంత కచ్చితంగా ఉన్న ఆ ఊరి సముద్రతీరమే, పాతబడి కారుతున్న ఊరి మురుగు గొట్టాల వల్ల, కాలిఫోర్నియాలో అతి చెడ్డ తీరాల జాబితాలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. గొట్టాలు మార్చడానికి ఊరు లక్షల డాలర్లు ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

మా ప్యూజెట్ సౌండ్ వంతు 2018లో వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్ర పర్యావరణ శాఖ 2016లో ఈపీఏకి అర్జీ పెట్టుకుంది. 2017 ఫిబ్రవరిలో, పంపులు సరిపోతాయని ఈపీఏ తేల్చింది. 2018 మే 10 నుంచి నిషేధం అమలైంది. లేక్ వాషింగ్టన్, లేక్ యూనియన్ కూడా అందులో కలిశాయి. టగ్ బోట్లకు, చేపలవేట పడవలకు, చిన్న ప్రయాణికుల పడవలకు 2023 దాకా ఐదేళ్ళు గడువిచ్చారు. వాటిలో ట్యాంకు పట్టే చోటు వెతకడం నిజంగానే కష్టం. టగ్ యజమానుల సంఘం ఖర్చు సంగతి ఎత్తుతూ కోర్టుకు కూడా వెళ్ళింది. వంటింటి నీళ్ళకూ స్నానాల నీళ్ళకూ ఈ నిషేధం వర్తించదు. మా లెక్ట్రాశాన్ ఆ రోజుతో పనికిరాకుండా పోయింది. వై వాల్వుకు పట్టీ పడింది.

పడవలవాళ్ళు చాలామంది మండిపడ్డారు. వాళ్ళ కోపానికి ఆధారం లేకపోలేదు. 2017 ఫిబ్రవరి 9న, ఈపీఏ నిర్ణయం రావడానికి దాదాపు రెండు వారాల ముందు, వెస్ట్ పాయింట్ శుద్ధి కేంద్రంలో వానజోరు మధ్య కరెంటు దెబ్బతిని, లోపలి గదులు మునిగిపోయాయి. అప్పుడు సుమారు 23.5 కోట్ల గ్యాలన్ల శుద్ధి చేయని నీరు ప్యూజెట్ సౌండ్‌లోకి పోయింది; అందులో దాదాపు 3 కోట్ల గ్యాలన్లు పచ్చి మురుగు. సరిహద్దుకు అవతల కెనడాలోని విక్టోరియా నగరం తన మురుగును జల్లెడ పట్టి, శుద్ధి చేయకుండానే సముద్రంలోకి వదిలేది. దాన్ని ఎగతాళి చేయడానికి మిస్టర్ ఫ్లోటీ అనే మలం వేషం వేసుకుని వీధుల్లో తిరిగిన ఉద్యమకారుడు ఊరందరికీ తెలుసు. ఆ నగరానికి శుద్ధి కేంద్రం 2020 చివర్లో గానీ రాలేదు. ఊళ్ళు కోట్ల గ్యాలన్లు వదులుతుంటే మా ఇరవై గ్యాలన్ల ట్యాంకు మీదా మీ ప్రతాపం? రేవులో ఈ మాట నాతో అనని పడవ యజమాని లేడు.

నేను ఆ మాటను ఒప్పుకోను. నిషేధం సరైనదేనని నా అభిప్రాయం, కారణం మళ్ళీ ఆ రెండంకెలే. వెస్ట్ పాయింట్ మామూలుగా వాడే గొట్టం లోతైన చోట, ప్రవాహం గట్టిగా ఉన్నచోట తెరుచుకుంటుంది. పడవ మురుగు పడేది మోకాటి లోతు నుంచి పది నిలువుల లోతు ఉన్న మూలల్లో, ఆల్చిప్పల మడుల పక్కన. ఆల్చిప్ప రోజంతా నీళ్ళు వడకడుతూ అందులో ఉన్నదాన్ని తనలో పోగుచేసుకుంటుంది. మనం దాన్ని పచ్చిగా తింటాం. అక్కడ వంద మిల్లీలీటర్లకు 14 దాటితేనే చాలా ఎక్కువ, 1,000 మాట చెప్పనే అక్కర్లేదు. యంత్రం బాగా పనిచేస్తే 1,000 కన్నా ఎంతో తక్కువే వస్తుంది, నిజమే. కానీ పాతబడిన పలకలతో, బలహీనమైన బ్యాటరీతో నడిచే పెట్టెను ఎవరు తనిఖీ చేస్తారు? మా పెట్టె పలకల స్థితి చూశాక నాకు దాని మీద నమ్మకం పోయింది. ఇంకొకటి: క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది, నత్రజనిని ఏమీ చేయలేదు. లేక్ వాషింగ్టన్‌లో భాస్వరం గురించి ఎడ్మండ్‌సన్ చెప్పింది ఉప్పునీళ్ళలో నత్రజనికి వర్తిస్తుంది. నాచుకు అదే మేత. ఊళ్ళు చేసే పెద్ద పాపాన్ని నిలదీయాల్సిందే. నా ట్యాంకును ఖాళీ చేసుకోకుండా ఉండటానికి అది సాకు కాదు.

పోయిన వేసవిలో మా మామగారు రాజమండ్రి నుంచి వచ్చి కొన్నాళ్ళు మా దగ్గర ఉన్నారు. నేను పంపు దగ్గర గొట్టం పట్టుకుని నిలబడితే, ఆయన ఒడ్డు మీద కుర్చీలో కూర్చుని అంతా చూశారు. పని అయ్యాక అడిగారు: “అయితే ఏమ్మా, మన పాపికొండల లాంచీల్లో ఉన్న దొడ్లలోది ఎక్కడ తోడతారు?” నా దగ్గర జవాబు లేదు. ఆయన గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషి. లాంచీలు తిరిగే చోటుకి దిగువనే రాజమండ్రి నీళ్ళు పట్టుకుంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవలు డెల్టా ఊళ్ళకు పోతాయి.

మన దేశంలో 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ యాక్ట్ వచ్చింది. నదుల్లో తిరిగే పడవల వల్ల కలిగే కాలుష్యం మీద అందులో ఒక అధ్యాయమే ఉంది. పడవల వ్యర్థాలను ఒడ్డున తీసుకునే ఏర్పాట్లు రేవుల్లో ఉండాలన్న మాట కూడా అందులో రాశారు. మాట బాగుంది. మిషిగన్ చట్టం 1970లో, అమెరికా చట్టం 1972లో రాసిన మాటా బాగానే ఉండేది. ఆ మాటకు పంపు తోడవడానికి వాళ్ళకు ఇరవై ఏళ్ళు పట్టింది. మనం అన్నేళ్ళు ఆగనక్కర్లేదు. చేయాల్సింది పెద్ద యంత్రం కూడా కాదు. లాంచీలో గాలి ఆడే ఒక ట్యాంకు, అన్ని లాంచీలకూ ఒకే కొలత మూత, లాంచీ బయల్దేరే ఘాటులో ఒక పంపు, అక్కడి నుంచి శుద్ధి కేంద్రానికి తీసుకెళ్ళే ఒక ట్యాంకరు, దాని ఖర్చుకు టికెట్టులో కొంత భాగం. ఈసారి మీరు పాపికొండలు వెళ్ళినప్పుడు, టికెట్టు తీసుకునే దగ్గరే అడగండి: ఈ లాంచీ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారు, ఆ పంపు నాకు చూపిస్తారా అని. జవాబు వచ్చేదాకా అడగండి.